ఫోటోను దించినా పోలిక ఎందుకు రాలేదు: ఒక హెడ్మిస్ట్రెస్ ఆయిల్ పోర్ట్రెయిట్ కేస్ స్టడీ

కోస్తాలోని ఒక బాలికల హైస్కూలు. దాన్ని మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపిన హెడ్మిస్ట్రెస్ పోర్ట్రెయిట్ అసెంబ్లీ హాల్లో పెట్టాలని పూర్వ విద్యార్థినులు అనుకున్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. మా దగ్గరికి వచ్చేసరికే ఒక పటం గీయించి ఉన్నారు. స్టూడియో ఫోటో మీద గళ్లు గీసి, కొలత తప్పకుండా పెద్దది చేసిన పటం అది. ఫోటో పక్కన పెడితే వంక పెట్టడానికి లేదు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు మాత్రం ఒకే మాట అన్నారు: "ఈవిడ మా మేడమ్ కాదండీ."

ఫోటోను పోలడం వేరు, మనిషిని పోలడం వేరు. ఈ కేసంతా ఆ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే. పోయినవాళ్ల పోర్ట్రెయిట్లు చేసే ప్రతివాళ్లకీ ఇదే చిక్కు ఎదురవుతుంది కాబట్టి పని మొత్తం వివరంగా రాస్తున్నాం.

పాత పటంలో ఏం జరిగింది

మొదటి లోపం రంగులో. ముఖం మరీ నల్లగా ఉంది, పెదవులు కాటుక పూసినట్టున్నాయి, బొట్టు దాదాపు నలుపు. రెండోది కళ్లలో: ముఖానికి మించి పెద్దవి. ముఖం స్టూడియో ఫోటోలోంచి, కళ్లు మరో పాస్‌పోర్టు ఫోటోలోంచి తీసుకున్నట్టు పోల్చి చూస్తే తెలిసింది. మూడోది సరుకులో. వెనకాల నల్లటి నేపథ్యమంతా మొసలి చర్మంలా పగుళ్లు. కింది పొర ఆరకముందే, తొందరగా ఆరాలని కోబాల్ట్ డ్రయ్యర్ కలిపిన నల్లరంగు మందంగా వేస్తే ఇలాగే అవుతుంది. పై పొర ముందు గట్టిపడుతుంది, కింద ఇంకా మెత్తగా కదులుతూ ఉంటుంది, పైది చీలుతుంది.

మూడు ఫోటోలు

దొరికినవి మూడే. ఒకటి, 1940లలో తీసిన స్టూడియో ఫోటో, పోస్ట్‌కార్డు సైజు. ఆవిడ వయసు ముప్పై ప్రాంతం, కుర్చీలో కూర్చుని ముఖం కాస్త తన ఎడమకి తిప్పారు. రెండు, 1960లలో స్కూలు ఆవరణలో తీసిన గ్రూప్ ఫోటో, ఆవిడ మధ్యలో ఉన్నారు. మూడు, దాదాపు అదే కాలం నాటి పాస్‌పోర్టు సైజు ఫోటో, కళ్లజోడుతో, ఎదురుగా చూస్తూ.

స్టూడియో ఫోటో ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయి ఉంది. సముద్రతీరపు తేమకి ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. ఇలాంటప్పుడు లాగకూడదు, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా కెమెరాతో తీయాలి: రెండు వైపుల నుంచి 45 డిగ్రీల్లో లైట్లు, లైట్ల మీద పోలరైజింగ్ షీట్, లెన్స్ మీద దానికి అడ్డంగా తిప్పిన పోలరైజర్. అద్దపు మెరుపు, పాత ఫోటో అంచుల్లో తేలే వెండి మెరుపు రెండూ పోతాయి. మిగతా రెంటినీ 1200 డీపీఐలో, కలర్ మోడ్‌లోనే స్కాన్ చేశాం. నలుపు తెలుపు ఫోటోకి కలర్ ఎందుకంటే, పసుపు మరకలు రెడ్ ఛానెల్లో, అంటే స్కాన్‌లోని ఎరుపు భాగాన్ని విడిగా చూస్తే, దాదాపు మాయమవుతాయి. వెలిసి పసుపెక్కిన వివరాలేమో బ్లూ ఛానెల్లో ఎక్కువ స్పష్టంగా కనబడతాయి. గ్రేలో స్కాన్ చేస్తే ఈ రెండు అవకాశాలూ పోతాయి.

ఇక అసలు విషయం. స్టూడియో ఫోటోలో కుంకుమ బొట్టు జుట్టంత నల్లగా ఉంది. ఆ ఒక్క గుర్తు చాలు, అది ఆర్థోక్రొమాటిక్ ప్లేటు (ఫిల్ముకి బదులు వాడే ఒక రకం గాజు నెగెటివ్) మీద తీసిన ఫోటో అని చెప్పడానికి. ఆ ప్లేట్లకి నీలం, ఆకుపచ్చ కాంతి తెలుస్తుంది, ఎరుపు తెలియదు. 1873లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ వోగెల్ రంగు అద్దకాలతో ప్లేటుకి ఆకుపచ్చను చూపించగలిగాడు. ఎరుపును కూడా చూసే పాంక్రొమాటిక్ ప్లేట్లు 1906లో అమ్మకానికి వచ్చాయి. అయినా ఎర్ర లైటు వెలుగులో కళ్లతో చూస్తూ కడుక్కోవచ్చన్న సౌకర్యం వల్ల స్టూడియోల్లో ఆర్థో ప్లేట్లు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. మన చామనచాయ చర్మం వెనక్కి పంపే కాంతిలో ఎరుపే ఎక్కువ. అది ప్లేటుకి తెలియదు కాబట్టి ముఖం ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది, పెదవులు ఇంకా నల్లగా. పాత పటం గీసినవారు ఆ నలుపును చర్మపు రంగనుకున్నారు.

గ్రూప్ ఫోటోలో అదే బొట్టు మధ్యరకం బూడిదరంగులో ఉంది, అంటే పాంక్రొమాటిక్ ఫిల్మ్. పది మెట్ల గ్రే స్కేలు పక్కన పెట్టి కొలిస్తే (ఒకటి నలుపు, పది తెలుపు) స్టూడియో ఫోటోలో నుదుటి వెలుగు అయిదు, గ్రూప్ ఫోటోలో ఆరున్నర. రెంటిలోనూ తెల్లచీర తొమ్మిదే. కాబట్టి ముఖపు వెలుగునీడల ఆకారాలు స్టూడియో ఫోటోలోంచి తీసుకుని, వాటి మెట్లు మాత్రం గ్రూప్ ఫోటోని బట్టి పైకి జరిపాం. పెదవులు రెండు మెట్లు పైకి వచ్చాయి. ఇది పెన్సిల్ పట్టుకోకముందు చేయాల్సిన పని.

భూతద్దం పెట్టి చూస్తే స్టూడియో ఫోటోలో కళ్ల కింద, ముక్కు పక్కన సన్నటి చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. అది నెగెటివ్ మీద పెన్సిల్‌తో చేసిన రీటచింగ్. నెగెటివ్ మీద పెన్సిల్ పడినచోట ప్రింటులో తెల్లబడుతుంది, ముడతలు పోతాయి. ఆ చుక్కలున్న చోటల్లా ఫోటో చెప్పేది నమ్మడానికి లేదు. అక్కడ పాస్‌పోర్టు ఫోటోయే గతి.

పాస్‌పోర్టు ఫోటోకీ ఒక తిరకాసుంది. కళ్లజోడులో ప్లస్ అద్దాలు, చత్వారానివి. ప్లస్ అద్దం వెనకున్న కన్ను పెద్దగా కనబడుతుంది. పాత పటంలో కళ్లు పెద్దవవడానికి కారణం అదే. పైగా దగ్గరనుంచి తీసిన ఫోటోలో ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. దూరాలు వేరైన రెండు ఫోటోల్లోంచి కన్ను ఒకచోట, ముక్కు ఒకచోట ఏరుకొస్తే ఆ ముఖం ఎవరిదీ కాదు.

ముందు వయసు తేల్చాలి

ఆవిడ ఎలా ఉండేవారని అడిగితే కూతురు డెబ్భై ఏళ్ల అమ్మను చెబుతారు, విద్యార్థినులు నలభై అయిదేళ్ల టీచరును చెబుతారు, ఫోటో ముప్పై ఏళ్ల యువతిని చూపిస్తుంది. ఈ మూడూ కలిపితే పటం చెడుతుంది. స్కూలు హాల్లో పెట్టే పటం కాబట్టి యాభైకి కాస్త అటూ ఇటూ అని నిర్ణయించాం. పుర్రె నిర్మాణం, అంటే నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం, దవడ కోణం, స్టూడియో ఫోటోలోంచి. వయసు తెచ్చే మార్పులు పాస్‌పోర్టు ఫోటోలోంచి: పాపిట వెడల్పు, కణతల దగ్గర నెరుపు, ముక్కు నుంచి నోటి మూలకి దిగే మడత, దిద్దుల బరువుకి సాగిన చెవి తమ్మె. ఎముక మారదు, పైనున్నది మారుతుంది అన్న క్రమం పట్టుకుంటే ఇరవై ఏళ్ల వయసు ధైర్యంగా కలపొచ్చు.

రంగు దగ్గర "ఆవిడ రంగేమిటి" అని అడిగితే ఉపయోగం లేదు. అందరూ ఒక మెట్టు తెలుపు కలిపే చెబుతారు. "ఇంట్లో ఇప్పుడున్నవాళ్లలో ఎవరి రంగు?" అని అడగాలి. ఇక్కడ కూతురూ ఇద్దరు విద్యార్థినులూ, ముగ్గురూ విడివిడిగా మనవరాలి పేరే చెప్పారు. మూడంగుళాల ప్రైమ్ చేసిన కార్డుల మీద అయిదు చర్మపు రంగులు కలిపి, పగటి వెలుతురులో ఒక్కొక్కరికీ విడిగా చూపించాం. ఒకరి ఎదుట ఇంకొకరు ఎంచితే పెద్దవాళ్లు ఎంచిందే అందరూ ఎంచుతారు.

అలంకారం కోసం అడిగే మాట ఒకటి ఎప్పుడూ వస్తుంది: "కాస్త తెల్లగా వేయండి." ఆ మాట వినకూడదు. చామనచాయలో తెలుపు కలుపుకుంటూ పోతే చర్మం సున్నం కొట్టినట్టు బూడిదబారుతుంది, మనిషి మారిపోతుంది. వెలుగు పెంచొచ్చు, చర్మం మార్చకూడదు. ముదురు చర్మం మీద మెరుపు లేతచర్మం మీదకన్నా స్పష్టంగా, చల్లగా కనబడుతుంది. నుదురు, ముక్కు కొన, చెంప ఎముక మీద ఆ మెరుపు సరిగ్గా పడితే ముఖం కళగా ఉంటుంది. ఇంటివాళ్లు అడిగేది నిజానికి ఆ కళనే.

కాన్వాసు, గీత

సైజు 30 × 40 అంగుళాలు, అడ్డపట్టీ ఉన్న స్ట్రెచర్ (కాన్వాసు బిగించే చెక్క చట్రం), లినెన్. కాటన్ కాన్వాసు తేమకి ఎక్కువ సాగుతూ బిగుస్తూ ఉంటుంది. కోస్తాలో అన్ని కాలాలకీ తట్టుకోవాలంటే లినెనే మేలు. సైజింగ్ (గుడ్డకి జిగురు పట్టించడం) తర్వాత అక్రిలిక్ జెస్సో, అంటే రంగు పట్టడానికి వేసే తెల్లటి పూత, మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 320 నంబరు పేపరుతో తేలికగా రుద్దడం. దాని మీద పల్చటి రా అంబర్ రంగు, గ్రే స్కేల్లో ఆరో మెట్టుకి.

తల ఎత్తు 20 సెంటీమీటర్లు పెట్టాం, నిజం తలకి ఒక పిసరు తక్కువ. నిజం సైజులో గీసిన తల గోడ మీద పెద్దదిగా కనిపిస్తుంది. స్టూడియో ఫోటోలో తల 18 మిల్లీమీటర్లు. అంటే పదకొండు రెట్లు. ఫోటోలో అర మిల్లీమీటరు పొరపాటు కాన్వాసు మీద అయిదున్నర మిల్లీమీటర్లవుతుంది, అది పోలికను చంపడానికి చాలు. అందుకే గళ్లు సాయమే తప్ప ఆధారం కాదు. తల పైభాగం, గడ్డం, కంటి గీత, ముక్కు మొదలు, రెండు భుజాలు, మెడ గుంట: ఈ స్థానాలు డివైడర్‌తో కొలిచి, వాటి మధ్య కోణాలు సరిచూసుకుని, బ్రౌన్ పేపరు మీద అసలు సైజులో బొగ్గుతో గీశాం.

బొట్టు ఈ పనిలో కొలబద్ద. ముఖం పక్కకి తిరిగినప్పుడు పాపిట, బొట్టు, ముక్కు కొన, పై పెదవి గాడి, గడ్డం మధ్య ఒకే వంపు గీత మీద ఉంటాయి. బొట్టు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగితే నుదురు ఒకవైపు, మూతి ఒకవైపు తిరిగినట్టవుతుంది. ఎందుకు తేడాగా ఉందో చూసేవాళ్లకి తెలియదు, తేడా మాత్రం తెలుస్తుంది. అలాగే అది గుండ్రటి బిళ్ల కాదు. పక్కకి తిరిగిన నుదుటి మీద ఒక పిసరు సన్నగా, అండాకారంగా ఉంటుంది, నుదురు వంపుతో పాటు వెలుగు తగ్గుతుంది. కుంకుమ పొడి కాబట్టి అంచు కత్తిరించినట్టు ఉండదు, మెరవదు. కాడ్మియం రెడ్ (ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ పీఆర్108) వెలుగువైపు, దాంట్లోనే కాస్త బర్న్ట్ సియెన్నా నీడవైపు, ఎక్కడా తెలుపు లేదు. అలిజరిన్ క్రిమ్‌సన్ (పీఆర్83) బొట్టుకి వాడొద్దు, వెలుతురుకి వెలిసిపోతుంది.

బొగ్గుబొమ్మను పటం పెట్టబోయే ఎత్తులో గోడకి అంటించి, పన్నెండు అడుగుల దూరం నుంచి కూతురికీ ఇద్దరు విద్యార్థినులకీ చూపించాం. దగ్గర నుంచి చూపిస్తే రెప్పలూ దిద్దులూ చూస్తారు, దూరం నుంచి చూపిస్తే మనిషిని చూస్తారు. మార్పులన్నీ ఈ దశలోనే. రంగు మొదలయ్యాక ముఖంలో మార్పు ఉండదని ముందే రాసుకోవాలి, సంతకం ఒక్కరిదే ఉండాలి. పదిమంది కమిటీ ఒప్పుకునే ముఖం ఉండదు.

రంగులు, పొరలు

టైటానియం వైట్, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, కాడ్మియం రెడ్, అల్ట్రామెరీన్, ఐవరీ బ్లాక్. స్వీడన్ చిత్రకారుడు ఆండెర్స్ జోర్న్ (1860–1920) పేరు మీద చెలామణిలో ఉన్న నాలుగు రంగుల పాలెట్ (తెలుపు, ఓకర్, వెర్మిలియన్, నలుపు) మన చర్మానికీ బాగానే పనికొస్తుంది, ఎందుకంటే ఓకర్‌లో నలుపు కలిస్తే వచ్చే ఆలివ్ పచ్చదనం చామనచాయ ముఖాల్లో దవడ దగ్గర, కంటి కింద నిజంగా ఉంటుంది. నీడల్లో లోతు కోసం మాత్రం సియెన్నా, అల్ట్రామెరీన్ కావాలి.

పాలెట్ కత్తితో భాగాలు కొలిచి కలిపిన మిశ్రమాలివి. వెలుగు: తెలుపు 3, ఓకర్ 2, సియెన్నా 1, కాడ్మియం రెడ్ కత్తి మొనంత. మధ్య: ఓకర్ 2, సియెన్నా 2, తెలుపు 1, నలుపు పావు. నీడ: సియెన్నా 2, అల్ట్రామెరీన్ 1, ఓకర్ అర. నీడలో తెలుపు పడకూడదు, పడితే లోతు పోయి పొగ కమ్ముతుంది. నుదురు పసుపువైపు, చెంపలూ ముక్కూ చెవులూ ఎరుపువైపు, దవడ ఆలివ్‌వైపు మొగ్గుతాయి. ఒకే మిశ్రమంతో ముఖమంతా వేస్తే మట్టిబొమ్మ.

మొదటి పొర రా అంబర్ ఒక్కటే, టర్పెంటైన్‌తో పల్చగా, వెలుగులు గుడ్డతో తుడిచి. రా అంబర్ త్వరగా ఆరుతుంది. రెండో పొర రంగులు, సగం టర్పెంటైన్, సగం లిన్‌సీడ్ (అవిసె నూనె). మూడో పొరలో నూనె పాలు ఎక్కువ. కింద నూనె తక్కువ, పైన ఎక్కువ అన్న నియమం తిరగబడితే ఎక్కడో ఒకచోట పగులుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే కిరోసిన్, ఎన్.సి. థిన్నర్ (లాకర్ పెయింట్లు పల్చన చేసేది) దగ్గరికి రానివ్వొద్దు. వర్షాకాలంలో పొరకి పొరకి మధ్య ఎడం పెంచాలి. రంగు ఆరడమంటే నీరు ఎగిరిపోవడం కాదు, నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడటం. ఫ్యాన్ కన్నా వెలుతురే ఎక్కువ మేలు చేస్తుంది. నల్లరంగు నేపథ్యానికి ఐవరీ బ్లాక్ వాడలేదు, అది చాలా మెల్లగా ఆరుతుంది. అంబర్, అల్ట్రామెరీన్ కలిపిన ముదురు గోధుమనే వేశాం.

ముఖం రెండో పొరలో కుడి చెంప ఎముక ఎత్తు తప్పింది. అక్కడొక్కచోటే దిద్దకుండా తల మొత్తం కత్తితో గీకేసి తిరిగి వేశాం. అమెరికన్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ (1856–1925) తన పోర్ట్రెయిట్లలో తల కుదరనప్పుడు ఇలాగే చేసేవాడు. కళ్లు ముందు వేసేసి, అవి బాగున్నాయి కదాని మిగతా ముఖాన్ని వాటి చుట్టూ సర్దడం పోలిక తప్పడానికి పెద్ద కారణం. తల గుడ్డులా కుదిరాకే కన్ను.

స్టూడియో ఫోటోలో నోరు బిగించి ఉంది, కదలొద్దన్నారు కాబట్టి. విద్యార్థినులకి గుర్తున్నది సన్నటి నవ్వు. పెదవి మూలలు పైకి తిప్పితే క్యాలెండర్ బొమ్మవుతుంది. కింది రెప్పను మిల్లీమీటరు పైకి తెచ్చి, దాని కింద వెలుగు గీత కాస్త మెత్తబరిచి, నోటి మూలల నీడ పల్చన చేశాం, అంతే. నోరు కదపలేదు.

కళ్లజోడు కావాలని అడిగారు. పెట్టుకున్నట్టు వేస్తే కళ్లు పెద్దవి చేయాలి, పాత గొడవే మళ్లీ. మడిచి చేతిలో పట్టుకున్నట్టు పెట్టాం. చేతులు ఏ ఫోటోలోనూ సరిగా లేవు. మనవరాలికిప్పుడు యాభై దాటాయి, ఎముక తీరు ఒకటే, ఆవిడ చేతులే చూసి గీశాం. మణికట్టు నుంచి వేలికొన దాకా పొడవు గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా ఉండే దూరానికి సరిపోవాలి. పాత పోర్ట్రెయిట్లలో చేతులు బొమ్మ చేతుల్లా ఉండటానికి ఈ లెక్క తప్పడమే కారణం. చీర వెంకటగిరి నూలు, సన్నజరీ అంచు. అలాంటి చీరే గంజిపెట్టి కట్టించి మడతలు చూశాం. గంజి నూలు మడత విరిగినట్టు కోణంగా పడుతుంది, పట్టు జారినట్టు పడుతుంది. జరీ పసుపురంగు కాదు: వెలుగు తగిలినచోట లేత పసుపు, మిగతా అంతా అంబర్.

దండలు, బొట్లు, వార్నిష్

మన హాళ్లలో పోర్ట్రెయిట్‌కి అసలు శత్రువు ఎండ కాదు, భక్తి. తడిపూల దండ నేరుగా కాన్వాసు మీద వేస్తారు, పటం నుదుటికి గంధం కుంకుమ పెడతారు, కింద దీపం, అగరొత్తులు. ఇది మానమని చెప్పడం సబబు కాదు, గౌరవమది. కాబట్టి ఫ్రేముని దానికి తగ్గట్టు కట్టించాం. 3 మి.మీ. అక్రిలిక్ షీటు, కాన్వాసుకీ దానికీ మధ్య 6 మి.మీ. ఎడం, వెనక గాలాడేలా. గంధం పెట్టినా షీటు మీదే పడుతుంది, మెత్తటి తడిగుడ్డతో తుడవొచ్చు. ఫ్రేము పై మూలల్లో మూడంగుళాలు ముందుకొచ్చిన ఇత్తడి కొక్కేలు, దండ వాటికే. వెనకాల సన్‌ప్యాక్ షీటు (లోపల గాడులుండే తేలికైన ప్లాస్టిక్ షీటు), బల్లులూ ధూళీ లోపలికి పోకుండా. గోడకి తగలకుండా కింది మూలల్లో కార్కు ముక్కలు. బయటి వానగోడ మీద వేలాడదీయొద్దని రాసిచ్చాం. తేమ గోడ మీద కాన్వాసు వెనక బూజు మొదలవుతుంది.

ఆవిష్కరణ తేదీకి రంగు పైకి ఆరినా లోపల ఆరదు. అక్కడక్కడ నూనె ఇంకిపోయి చప్పబడిన చోట్ల ఒక భాగం లిన్‌సీడ్, మూడు భాగాల టర్పెంటైన్ కలిపి రుద్ది వెంటనే తుడిచేశాం. ఆ రోజుకి అదే చాలు. అసలు వార్నిష్ కనీసం ఆరు నెలల తర్వాత. మందంగా రంగున్న చీర మడతల దగ్గర దూదిని కొద్దిగా టర్పెంటైన్‌లో తడిపి మెల్లగా అద్ది చూడాలి. దూదికి రంగంటితే ఇంకా ఆరలేదని, మరో రెండు నెలలు ఆగాలని. అంటకపోతే తర్వాత తీసేయడానికి వీలుండే సింథటిక్ రెసిన్ వార్నిష్ పల్చగా ఒక్క కోటు. డామర్ (చెట్టు బంకతో చేసే వార్నిష్) వాడితే కాలం గడిచేకొద్దీ తెల్లచీర పసుపుబారుతుంది. ఫర్నిచర్ వార్నిష్ వేస్తే ఇక తీయడమే కుదరదు.